వాపసు పెట్టెలో కోడి

జనవరి 4, గురువారం

రాజధాని ట్యూనిస్ నుంచి సర్క్యులర్ వచ్చింది. జిల్లా ఆఫీసు ముద్ర కూడా పడింది కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఇది "ప్రజల్లోకి లైబ్రరీ" సంవత్సరమట. నెలకొక కొత్త సర్వీసు పెట్టాలి. ప్రతి సర్వీసుకీ మూడు ఫోటోలు పంపాలి. మూడుకి తగ్గకూడదు.

ఐన్ ఖర్రూబ ఊళ్లో ఇరవై తొమ్మిదేళ్లుగా నేనే లైబ్రేరియన్‌ని. నాకు తెలిసిన సర్వీసు ఒక్కటే. పుస్తకం ఇవ్వడం, ఇచ్చింది తీసుకోవడం. అందులోనూ రెండో సగం సరిగ్గా కుదరలేదు. మూడు వందల పన్నెండు పుస్తకాలు బయటే ఉన్నాయి. కొన్నిటిని తీసుకెళ్లినవాళ్లకి ఇప్పుడు మనవలు.

సర్క్యులర్ దూజాకి చదివి వినిపించాను. దూజా మా అటెండరు. ఊడుస్తుంది, టీ పెడుతుంది, అడగని సలహాలిస్తుంది. మూడింట్లోనూ మూడోదే శ్రద్ధగా చేస్తుంది. "ప్రజల్లోకి లైబ్రరీ తర్వాత వెళుదురు గానీ సారూ, ముందు లైబ్రరీలోకి ప్రజల్ని రానివ్వండి" అంది. నేనెప్పుడు రానివ్వలేదు? తలుపు మీద టైమింగ్స్ స్పష్టంగా రాసే ఉన్నాయి.

జనవరి 19, శుక్రవారం

మొదటి సర్వీసు: ఉచితంగా బీపీ చూడటం. ఆసుపత్రి నర్సు వచ్చింది. అరవై ఒక్కమంది వచ్చారు. ఒక్కరూ పుస్తకం ముట్టుకోలేదు. అందరికంటే ఎక్కువ బీపీ నాది. ఇంత ప్రశాంతమైన చోట పనిచేస్తూ ఇదేమిటని నర్సు అడిగింది. మీరంతా రాకముందు ప్రశాంతంగానే ఉండేదన్నాను.

మూడు ఫోటోలు పంపాను. మూడింట్లోనూ ఖమీస్ బాబాయే ఉన్నాడు. రైల్వేలో రిటైరయినప్పటినుంచి మాకు రోజూ వచ్చే పాఠకుడు ఆయనొక్కడే. ముందు చావు ప్రకటనల పేజీ చదువుతాడు. తన పేరు లేదని తేల్చుకున్నాక మిగతా పేపరు తిప్పుతాడు.

ఫిబ్రవరి 1, గురువారం

నాకో మంచి ఆలోచన వచ్చింది. నా ఆలోచన కాబట్టి మంచిదని కాదు. నిజంగానే మంచిది. ఫిబ్రవరి సర్వీసు: క్షమాభిక్ష. బాకీ ఉన్న పుస్తకాలు ఎవరైనా తెచ్చి ఇవ్వొచ్చు, జరిమానా ఉండదు. మొహం చూపించనక్కర్లేదు. వడ్రంగి చేత పెద్ద చెక్కపెట్టె చేయించి గుమ్మం బయట పెట్టించాను. పైన నా దస్తూరీతో బోర్డు:

"తీసుకున్నది తిరిగి ఇవ్వండి. పేరు అడగం. జరిమానా లేదు. సిగ్గుపడాల్సిన పని లేదు."

దూజా రెండుసార్లు చదివింది. "ఏం తిరిగి ఇవ్వాలో రాయలేదేం సారూ?" అంది. లైబ్రరీ గోడకి బోర్డు పెడితే పుస్తకమని వేరే చెప్పాలా? క్లుప్తత అంటే ఏమిటో దూజాకి తెలియదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

పెట్టె తెరిచాం. లోపల తేనెటీగల పెంపకం మీద ఒక పుస్తకం. 1996లో వెళ్లింది. నా కళ్లు చెమర్చాయి. దాని కింద ఒక ప్రెషర్ కుక్కర్.

కుక్కర్‌కి చీటీ కట్టి ఉంది. "ఇది బేకరీ లతీఫాది. మా అబ్బాయి సున్తీ విందుకి తీసుకున్నాను. వాడిప్పుడు సైన్యంలో ఉన్నాడు. మొహం చెల్లక ఇన్నాళ్లూ ఇవ్వలేదు. దయచేసి అందజేయగలరు."

ఎవరో వెటకారం చేస్తున్నారనుకున్నాను. దూజా పిడి పట్టుకుని చూసి అవునవును, ఇది లతీఫాదే, ఈ కుక్కర్ గురించే ఆ ముసలావిడ సందు మొత్తాన్నీ అనుమానించి పదిహేనేళ్లుగా ఎవరింటికీ వెళ్లడం లేదంది. ఇది పోస్టాఫీసు కాదన్నాను నేను. అప్పటికే దూజా కుక్కర్ చంకన పెట్టుకుని రోడ్డు దాటుతోంది.

ఫిబ్రవరి 9, శుక్రవారం

డ్రిల్లింగ్ మిషను ఒకటి. చంకకర్రలు, ఒక జత. రాగి గరిటె. ఒక్క చెవికమ్మ. పెళ్లికొడుకులు కప్పుకునే తెల్ల ఉన్ని బుర్నూస్. పెట్టెలో పట్టక గోడకి ఆనించి వెళ్లిన నిచ్చెన. పుస్తకాలు రెండు.

ఇంకా ఒక పళ్లసెట్టు. చీటీ లేదు. ఇది ఎవరిదని ఊళ్లో ఎలా అడగాలి?

ఖమీస్ బాబాయ్ పేపరు పక్కన పెట్టి, దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇది నాదేనన్నాడు. గుర్తింపు కార్డు ఫోటో కోసం పన్నెండేళ్ల కిందట బావమరిదికి ఇచ్చాడట. అక్కడే పెట్టుకుని చూశాడు. "పళ్లు బాగానే ఉన్నాయి అబ్బాయ్, నా నోరే మారిపోయింది" అన్నాడు. నాకు యాభై ఏడేళ్లు. ఆయనకి నేనింకా అబ్బాయినే.

ఫిబ్రవరి 10, శనివారం

ఇవాళ కోడి.

ఫిబ్రవరి 13, మంగళవారం

శనివారం రాయడానికి ఓపిక లేకపోయింది. ఇప్పుడు రాస్తాను.

కోడి కాలికి కట్టిన చీటీలో ఇలా ఉంది: "నజీహా, ఏడేళ్ల కిందట మీ కోడి మా పెరట్లోకి వచ్చింది. మేం తోలలేదు. కొన్నాళ్లు గుడ్లు తిన్నాం, తర్వాత దాన్నే తిన్నాం. ఇది దాని మనవరాలు. క్షమించండి."

నజీహా మా పక్కింటావిడ. బట్టలు కుడుతుంది, భర్త పోయి చాలా ఏళ్లయింది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకే గోడ. దూజాకి మోకాలు నొప్పి, రాలేదు. కోడి నవలల అలమరా ఎక్కి కూర్చుంది. దాన్ని దింపడానికి నాకు గంటన్నర పట్టింది. ఖమీస్ బాబాయ్ సాయం చెయ్యకపోగా ఎటు పరిగెత్తాలో కోడికే సలహాలిచ్చాడు. చివరికి దాన్ని కోటు కింద దాచుకుని వీధిలో నడిచాను. కోటు అరుస్తూనే ఉంది. ఇరవై తొమ్మిదేళ్లలో సంపాదించుకున్న గౌరవమంతా ఆ రెండు వందల గజాల్లో పోయింది.

నజీహా తలుపు జానెడు తెరిచింది. చీటీ చదివింది. కోడిని తీసుకుంది. నా మొహంలోకి ఒకసారి చూసింది. తలుపు వేసేసింది. కోడి తెచ్చిన మనిషికి ఆ మాత్రం థాంక్స్ ఉండదా?

ఇక లాభం లేదని విడిగా రిజిస్టరు తెరిచాను. పని జరుగుతున్నప్పుడు కనీసం పద్ధతిగా జరగాలి. క్రమసంఖ్య, వస్తువు, స్థితి, ఎవరికి చేరాలి, చేరిన తేదీ. "17. కోడి, గోధుమరంగు, సజీవం."

మార్చి 31, శనివారం

మూడు నెలల రిపోర్టు పంపే రోజు. ఫారమ్‌లో ఉన్నది ఒకే గడి: "క్షమాభిక్ష కింద వాపసు వచ్చినవి, మొత్తం." రిజిస్టరు చూశాను. నూట నలభై మూడు. అందులో పుస్తకాలు ఇరవై రెండు. మిగతావాటికి ఫారమ్‌లో గడి లేదు.

143 అని రాశాను. అబద్ధం కాదు.

ఏప్రిల్ 12, గురువారం

జిల్లా ఆఫీసు నుంచి సిహేమ్ మేడమ్ ఫోన్. జిల్లా మొత్తంలో మనదే మొదటి స్థానమట. ఇంకెక్కడా పది దాటలేదట. లమ్జద్ గారూ, మీలాంటి అధికారి ఉండబట్టే ఈ శాఖ నిలబడింది అంది. ఇన్నేళ్లలో ఆమె నా పేరు సరిగ్గా పలకడం ఇదే మొదటిసారి. మేడమ్, ఒక విషయం చెప్పాలి అని నేననేలోపే ఫోన్ పెట్టేసింది.

వెంటనే తిరిగి చేశాను, ఎంగేజ్. రెండోసారి చేశాను, ఎంగేజ్. మూడోసారి చెయ్యలేదు. ఎవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకుంటున్నాను. చెయ్యలేదు.

మే 8, మంగళవారం

రంజాన్ దగ్గర పడుతోంది. అయినా పోయిన వారం లతీఫా తన కుక్కర్‌ని మోసుకుని వచ్చింది. పదిహేనేళ్లలో రెండు కొత్తవి కొనుక్కుందట, ఇది పెట్టుకోవడానికి చోటు లేదట. "దొరికిందని తెలిసింది, నా కడుపు చల్లబడింది. ఇంక దీంతో నాకేం పని? ఎవరికైనా కావాలంటే మీరే ఇవ్వండి" అంది. ఆవిడని చూసి డ్రిల్లింగ్ మిషనువాళ్లూ తెచ్చారు. నిచ్చెనవాళ్లు అసలు తీసుకెళ్లనే లేదు.

నేను వద్దన్నాను. వాదించాను. ఆదివారం నేను లేనప్పుడు దూజా భూగోళం అలమరా ఖాళీ చేసి వాటిని సర్దేసింది. "భూగోళం ఎవరు చదువుతున్నారు సారూ, అది ఎక్కడికీ పోదు" అంది. కుక్కర్ లోపలి మూతకి మా కార్డు అంటించింది. పద్నాలుగు రోజుల గడువు వేసింది. నిచ్చెన మీద లైబ్రరీ ముద్ర కొట్టింది. ప్రతి మెట్టుకీ.

నేనొక షరతు పెట్టాను. వస్తువు తీసుకునేవాళ్లు ఒక పుస్తకం కూడా తీసుకోవాలి. ఇది లైబ్రరీ. ఆ మాత్రం ఉండాలి.

మొదట వచ్చింది గోడలకి సున్నం కొట్టే అబ్దుస్సత్తార్. నిచ్చెన కావాలన్నాడు. ఏ పుస్తకం అని అడిగాను. "ఏది సన్నంగా ఉంటే అది" అన్నాడు. కవిత్వం ఇచ్చాను.

మే 22, మంగళవారం

అబ్దుస్సత్తార్ నిచ్చెన వాపసు ఇచ్చాడు. ఆ కవి ఇంకేమైనా రాశాడా అని అడిగాడు.

జూన్ 15, శుక్రవారం

రంజాన్ పండగ. ఉదయంనుంచీ మా సందులో బక్లావా మిఠాయి పళ్లేలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూనే ఉన్నాయి. గుడ్డ కప్పిన పళ్లేలు. మా గుమ్మం ముందు నుంచే వెళ్లాయి.

నాకు తీపి పడదు కూడా.

పొద్దుపోక రిజిస్టరు తెచ్చుకుని చూశాను. రెండు వందల ఒకటో నంబరు దాకా వచ్చింది. "ఎవరికి చేరాలి" అనే గడిలో ఊళ్లో అన్ని ఇళ్ల పేర్లూ ఉన్నాయి. బేకరీవాళ్లు, ఇమాముగారు, నర్సు, చివరికి పోలీసు స్టేషను కూడా. వాళ్లకి ఒక కుర్చీ వచ్చింది. నా పేరు లేదు. ఈ ఊళ్లో ఎవరూ నా దగ్గర ఎప్పుడూ ఏదీ తీసుకోలేదన్నమాట. నేనూ ఎవరినీ ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇది నాకు గర్వకారణంగా ఉండేది.

జులై 24, మంగళవారం

పెళ్లిళ్ల సీజను. ఈ నెలలో బుర్నూస్ మూడుసార్లు పెళ్లికొడుకైంది. ప్రెషర్ కుక్కర్‌కి వెయిటింగ్ లిస్టు ఉంది. చెవికమ్మ ఒక్కటే కాబట్టి ఎవరూ అడగడం లేదు.

కొత్త తలనొప్పి: "నేనిచ్చినప్పుడు సొట్ట లేదు" అనే తగాదాలు. ఖమీస్ బాబాయ్ పేపరు టేబులు దగ్గర న్యాయస్థానం పెట్టాడు. ఇద్దరి మాటా విని, సొట్ట వేలితో తడిమి, "ఇది పాత సొట్టే" అని తీర్పు చెబుతాడు. ఎప్పుడూ అదే తీర్పు. జనం ఒప్పుకుంటున్నారు కూడా.

పుస్తకాలు: జూన్‌లో బయటికి వెళ్లినవి నూట తొంభై. పోయిన జూన్‌లో పదకొండు. అందులో ఆరు నేను తీసుకున్నవి.

ఆగస్టు 18, శనివారం

నజీహా లైబ్రరీకి వచ్చింది. ఇస్త్రీ పెట్టె తీసుకుంది, ఒక నవల తీసుకుంది. అంతా దూజాతోనే మాట్లాడింది. నేను మూడు అడుగుల దూరంలో ఉన్నాను. బీరువాతో సమానంగా చూసింది.

ఆవిడ వెళ్లాక దూజాని అడిగాను, నామీద ఆవిడకేమిటి కోపమని. దూజా చీపురు ఆపేసింది. "నిజంగా తెలియదా సారూ?" అంది.

నిజంగా తెలియదు. దూజా చెప్పింది. ఆరేళ్ల కిందట నా భార్య రౌదా పోయినప్పుడు నజీహా మూడు రోజులు మా ఇంటికి గోధుమరవ్వ కుస్‌కుస్ వండి పంపింది. గొర్రెమాంసంతో, పెద్ద పళ్లెం నిండా. నాకు గుర్తుంది. పళ్లెం తోమి, తుడిచి, ఆ సాయంత్రమే పట్టుకెళ్లి ఇచ్చేసేవాణ్ణి. మూడు రోజులూ. వేళ తప్పకుండా. ఆ పరిస్థితిలో కూడా ఎంత బాధ్యతగా ఉన్నానో అనుకునేవాణ్ణి.

"ఖాళీది ఇచ్చారు" అంది దూజా.

మరి ఎలా ఇస్తారు?

"ఏదో ఒకటి వేసి ఇస్తారు సారూ. నాలుగు ఖర్జూరాలు, రెండు నిమ్మకాయలు. ఏమీ లేకపోతే గుప్పెడు ఉప్పు. అసలు ఓ వారం ఉంచుకుని ఇస్తారు. కడిగి ఆ పూటే ఖాళీగా మొహాన పెడితే ఇంక నా గడప తొక్కకు అన్నట్టే. ఇరవై తొమ్మిదేళ్లు ఇన్ని పుస్తకాల మధ్య కూర్చున్నారు, ఏం చదివారో ఏమిటో."

నాకెవరూ చెప్పలేదన్నాను. ఇలాంటివి కూడా ఒకరు చెప్పాలా అంది. రౌదా ఉన్నప్పుడు పళ్లేల సంగతి రౌదా చూసుకునేది. ఏం వస్తోందో, ఏం వెళుతోందో నేనెప్పుడూ తల ఎత్తి చూడలేదు.

ఆగస్టు 19, ఆదివారం

మిఠాయి దుకాణానికి వెళ్లి కిలో బాదం మిఠాయి కట్టించుకున్నాను. నజీహా తలుపు దాకా వెళ్లాను. ఆరేళ్ల తర్వాత ఏమని ఇస్తాను? వెనక్కి వచ్చాను. కిలో నేనే తిన్నాను. కడుపులో మంట.

సెప్టెంబర్ 20, గురువారం

ఉత్తరం. అక్టోబర్ 11న సిహేమ్ మేడమ్ బృందంతో వస్తోంది. "143 పుస్తకాలు తిరిగి రాబట్టిన ఆదర్శ లైబ్రరీ"కి సన్మానం. ఉత్తరంలో పుస్తకాలు అనే రాశారు, నల్లసిరాతో. బహుమతిగా పైకప్పు మరమ్మతు.

పైకప్పు! తొమ్మిదేళ్లుగా అర్జీలు పెడుతున్నాను. చరిత్ర అలమరా పైన చెమ్మ ఇప్పుడు ఒక దేశం పటమంత ఉంది. ప్రతి శీతాకాలం కొత్త రాష్ట్రాలు కలుపుకుంటోంది.

అక్టోబర్ 3, బుధవారం

దూజాకి సంగతంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. నూట నలభై మూడేనా అని అడిగి కొంగు బిగించింది.

మధ్యాహ్నానికి ఊరంతా పుస్తకాలు మోసుకొచ్చింది. స్కూలు లెక్కల పుస్తకాలు, కుట్టుపని డిజైన్లు, ఫ్రిజ్‌తో పాటు వచ్చిన సూచనల పుస్తకం, పాత టెలిఫోన్ డైరెక్టరీలు మూడు. ఖమీస్ బాబాయ్ 1978 నాటి రైళ్ల టైమ్ టేబుల్ తెచ్చి ముద్దు పెట్టుకుని మరీ ఇచ్చాడు. నూట ఇరవై ఒకటి చేరాయి. వీటి మీద పాత తేదీల ముద్రలు కొట్టడమే తరువాయి. ముద్ర ఉన్నది నా సొరుగులో.

ముద్ర తీశాను. తేదీ 1994కి తిప్పాను. ఫ్రిజ్ పుస్తకం మీద కొట్టాను. చక్కగా పడింది.

ఇంకా ముప్పయ్యేడు మీద కొట్టాను. అప్పటికి చెయ్యి నొప్పి పుట్టింది. ఆపింది నొప్పి వల్లే. మనస్సాక్షి వల్ల అని రాయాలనుంది గానీ కాదు.

అక్టోబర్ 11, గురువారం

అంతా అయిపోయింది.

సిహేమ్ మేడమ్, ఒక ఫోటోగ్రాఫరు, టై కట్టుకున్న ఇద్దరు. హాలు కిక్కిరిసింది. నజీహా కూడా వచ్చి వెనక నిలబడింది. ముందు వరసలో ముద్రలు కొట్టిన పుస్తకాలు పేర్చాం, ఫ్రిజ్‌ది అట్ట కనపడకుండా. మేడమ్ బాగా మాట్లాడింది. తర్వాత, ఈ అద్భుతం ఎలా జరిగిందో లమ్జద్ గారి రిజిస్టరులోంచే విందాం అని, టేబులు మీదున్న రిజిస్టరు తీసి నా చేతిలో పెట్టింది. మొదటి పేజీ చదవండి అంది.

చదివాను. "ఒకటి. తేనెటీగల పెంపకం." అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోది ఉంది. చూశాను. కళ్లజోడు తుడుచుకున్నాను. ఏదో ఒక పుస్తకం పేరు కల్పించి చెబితే పోయేది. ఆ క్షణంలో నాకు ఒక్క పుస్తకం పేరూ గుర్తు రాలేదు. నాలుగు వేల పుస్తకాల లైబ్రేరియన్‌కి!

"రెండు. ప్రెషర్ కుక్కర్" అన్నాను.

"అది నాదే!" అని లతీఫా అరిచింది.

ఇక ఆపలేదు. డ్రిల్లింగ్ మిషను, చంకకర్రలు, గరిటె. పేరు వచ్చినప్పుడల్లా హాల్లోంచి ఒకరు నాది, మాది అంటున్నారు. పళ్లసెట్టు దగ్గర ఖమీస్ బాబాయ్ లేచి నిలబడి నోరు తెరిచి చూపించాడు. "పదిహేడు. కోడి, గోధుమరంగు, సజీవం" అన్నప్పుడు టై కట్టుకున్నవాళ్లలో ఒకాయన టైతో నోరు మూసుకున్నాడు. జనం నవ్విన నవ్వుకి కుర్చీలు కదిలాయి. నజీహా నవ్విందో లేదో చూద్దామనుకున్నాను, నా కళ్లజోడు మసకగా ఉంది.

సిహేమ్ మేడమ్ నవ్వలేదు. ఇది లైబ్రరీయా, పాత సామాన్ల సంతా అంది. ఫారమ్‌లో పుస్తకమని లేదు మేడమ్, వాపసు అనే ఉంది అన్నాను. లేదు, నేను తప్పు చేశాను, ఏప్రిల్‌లోనే చెప్పాల్సింది, రెండుసార్లే ఫోన్ చేశాను అని కూడా అన్నాను. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. బాదం షర్బత్ ముట్టలేదు.

"ముట్టకపోతే మానె, మనం తాగుదాం" అంది లతీఫా. తాగారు.

అక్టోబర్ 23, మంగళవారం

పైకప్పు పక్క ఊరికి వెళ్లింది. నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. సంవత్సరాంతానికి "పుస్తకేతర వస్తువులు" రీడింగ్ హాలులోంచి తొలగించాలి.

దూజా నోటీసు మీద టీ గ్లాసు పెట్టింది.

నవంబర్ 17, శనివారం

పొద్దున్న పది గంటలకి మొదలైంది. వర్షం అనడానికి వీల్లేదు. ఎవరో పైనుంచి గుమ్మరించారు. పదకొండుకి చరిత్ర అలమరా మీద ధార. పదకొండున్నరకి కవిత్వం మీద, మతం మీద. ఉన్న రెండు బకెట్లు పెట్టాం. నా దగ్గరున్న ప్లాస్టిక్ కాగితం రెండు అలమరాలకే చాలింది. పైకెక్కి చూద్దామంటే నిచ్చెన లేదు. ఖమీస్ బాబాయ్ తీసుకెళ్లి తొమ్మిది వారాలైంది. మూడు నోటీసులు పంపాను. ఆయన వాటిని బుక్‌మార్కులుగా వాడుతున్నాడు.

"ఎవరినైనా పిలవండి సారూ" అని దూజా అరిచింది. మోకాలి నొప్పితో ఆమె పరిగెత్తలేదు. నేనే వెళ్లాలి.

గొడుగు తీసుకుని వీధిలో నిలబడ్డాను. ఎవరింటికి వెళ్లాలో తెలియలేదు. యాభై ఏడేళ్లలో నేనొక తలుపు తట్టి ఏదైనా కావాలని అడిగిన జ్ఞాపకం లేదు. ఏ తలుపు ముందు తట్టాలో, ఎలా మొదలు పెట్టాలో. కాళ్లు ఇంటివైపు నడిచాయి, అలవాటు కొద్దీ. మా ఇంటి ముందు ఆగాను. నా ఇంట్లో ఎవరిని అడుగుతాను? పక్క తలుపు తట్టాను.

నజీహా తెరిచింది. ఈసారి కూడా జానెడే. గొడుగు మూసి పట్టుకున్నానని కూడా అప్పటిదాకా తెలియలేదు. పూర్తిగా తడిశాను.

"ఏం కావాలో చెప్పండి, వాన లోపలికొస్తోంది" అంది.

పట్టాలు కావాలన్నాను. ఆలివ్ కాయలు రాల్చేటప్పుడు చెట్ల కింద పరిచే ప్లాస్టిక్ పట్టాలు ఆవిడ దగ్గర ఉన్నాయని తెలుసు. గోడ మీద ఆరేసినప్పుడు చూశాను. పుస్తకాలు తడిసిపోతున్నాయన్నాను. దయచేసి అన్నాను.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఆరేళ్లు, ఒకే గోడ. ఒక్కనాడు ఉప్పు కూడా అడగలేదు మీరు. ఇవాళ అడిగితే అడిగారు, ఏకంగా నాలుగు పట్టాలు!" అంది. తలుపు బార్లా తెరిచింది.

పట్టాలు నా నెత్తిన రెండు పెట్టింది, తను రెండు తీసుకుంది. వీధిలోకి వచ్చి ఆవిడ పెట్టిన కేక నేను రాయలేను. ఈ కాగితం చాలదు. ప్రతి తలుపూ తెరుచుకుంది. లతీఫా పిండి బస్తాల గోనెలతో, అబ్దుస్సత్తార్ తారు డబ్బాతో, చివర్న ఖమీస్ బాబాయ్ నిచ్చెనతో. "నీకు అవసరముంటుందని నాకు తెలుసు అబ్బాయ్, అందుకే జాగ్రత్తగా దాచాను" అన్నాడు. ఇద్దరు కప్పు ఎక్కారు. పట్టాలు సగం కప్పుకే చాలాయి.

"పుస్తకాలు బయటికి తియ్యండి" అంది నజీహా. గొలుసుకట్టి తీశారు. బుట్టల్లో, చీరె చెంగుల్లాంటి పొడవాటి సఫ్సారీ గుడ్డల్లో, బేకరీ పళ్లేల మీద, శిశువుని తోసే బండిలో. ఎవరికి అందింది వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు. నేను గుమ్మంలో రిజిస్టరు పట్టుకుని నిలబడి పేరు చెప్పండి, పేరు చెప్పండి అంటున్నాను. ఒక్కరూ ఆగలేదు. పేరు అడగం అని మీరే బోర్డు పెట్టారుగా అని ఎవరో అరిచారు.

గంటన్నరలో నాలుగు వేల పుస్తకాలు. ఒక్క సంతకం లేదు.

నవంబర్ 20, మంగళవారం

ఖాళీ అలమరాలు. జ్వరం. దూజా మిరియాల చారు తెచ్చింది. గిన్నె ఇప్పుడే ఇవ్వొద్దని తనే హెచ్చరించింది.

నవంబర్ 29, గురువారం

కప్పుకి తారు పూశారు. పుస్తకాలు తిరిగి వస్తున్నాయి. బేకరీ నుంచి వచ్చినవి రొట్టె వాసన. ఇమాముగారి ఇంటినుంచి వచ్చిన ప్రేమ నవలల్లో మంచి పేజీల దగ్గర మడతలు. నజీహా తీసుకెళ్లినవి ఒక్కొక్క పేజీ ఇస్త్రీ చేసి ఉన్నాయి, మా ఇస్త్రీ పెట్టెతోనే. గడువు దాటింది, ఏమీ అనలేదు.

ఇంకా ఆరు వందలు రావాలి. నోటీసులు రాయలేదు. చదువుతున్నారేమో.

సిహేమ్ మేడమ్ ఫోన్ చేసింది. వర్షంలో పుస్తకాలు మోస్తున్న జనం ఫోటో ఎవరో పేపరుకి పంపారట, మంత్రిత్వ శాఖలో చూశారట. గొంతు సవరించుకుంది. అలాంటివి ఇంకో రెండు ఉన్నాయా, మొత్తం మూడు కావాలి అంది. సామాన్ల సంగతి అడిగాను. కాగితాలు తిరగేసిన చప్పుడు. హాలులోంచి తొలగించమన్నాం గానీ వరండా గురించి నోటీసులో ఏమీ లేదుగా అంది. వరండాలోకి మార్చాం.

డిసెంబర్ 7, శుక్రవారం

పట్టాలు కడిగి, ఆరబెట్టి, మడతపెట్టి నజీహా ఇంటికి పట్టుకెళ్లాను. మధ్యలో ఏం పెట్టాలో నిన్నంతా ఆలోచించాను. ఖర్జూరాలా, నిమ్మకాయలా. ఎటూ తేలక రెండూ పెట్టాను. ఉప్పు కూడా.

ఆవిడ విప్పి చూసి మొదటిసారి నవ్వింది. అవి తీసి పక్కన పెట్టింది. "పట్టాలొచ్చాయి సరే. కాయ కోతకొచ్చింది, మా తమ్ముడికి నడుం పట్టేసింది. వీటి మీదికి కాయలు రాల్చే మనిషేడీ?" అంది.

నాకు చెట్టెక్కడం రాదన్నాను.

"అడగడమూ రాదు మీకు. నేర్చుకోలా? ఆదివారం ఆరింటికి రండి. కోటు వద్దు" అంది.

డిసెంబర్ 9, ఆదివారం

ఎక్కాను. దింపడానికి నలుగురు పట్టారు. వేళ్లు పెన్ను పట్టడం లేదు. రేపూ రమ్మంది.